క్రీడలో పాత్రధారణము – ఒక పరిశీలన

ఆట యనగానే మనకు పరుగు, బంతి, గెలుపు స్ఫురించును. కాని నలుగురు ఒకచోట కూర్చుండి, తాము కాని మరొకరిగా భావించుకొని ఆడు ఆటలు కూడ కలవు. వీనిని పాత్రధారణ క్రీడలనవచ్చును. బాల్యమున ఆడి, ఉద్యోగ సంసారములలో పడి మానివేసిన పెద్దలు ఎందరో నేడు పలు దేశములలో ఆటవస్తువుల దుకాణములందలి బల్లల వద్దకు మరల వచ్చి కూర్చుండుచున్నారు. సెల్‌ఫోనులో వేల ఆటలుండగా వీరిని ఇచ్చటికి రప్పించునదేమి? విద్యార్థులు ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

ఇట్టి క్రీడలలో ప్రసిద్ధమైనది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు దీనిని 1974లో వెలువరించిరి. దీనికి మూలము బొమ్మ సైనికులతో ఆడు యుద్ధక్రీడ. అందు ఆటగాడు ఒక సేనను నడుపును. ఇందు ఒకే ఒక వ్యక్తిని నడుపును. ఒకరు కథానిర్వాహకులై సన్నివేశమును వర్ణింతురు. తక్కినవారు వీరుడుగనో, మాంత్రికుడుగనో, దొంగగనో తమ పాత్ర ఏమి చేయునో నోటితో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచోట పాచిక నిర్ణయించును. ఒకరు గెలిచి మరొకరు ఓడుట ఇందు ప్రధానము కాదు. అందరును కలిసి కథను నడుపుదురు.

ఈ పద్ధతి మనకు కేవలము క్రొత్తది కాదు. మన పల్లెలలో అరుగులపై గీసి ఆడు పులి–మేక ఆటను చూడుడు. ఒక పక్షమున 3 పులులు, రెండవ పక్షమున 15 మేకలు. పులి మేకపై నుండి దూకి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. అయితే వెనుక చోటు ఖాళీగా ఉన్న మేకనే పులి చంపగలదు. వెనుక తోడున్న మేకను ముట్టజాలదు. మేకలన్నియు కలిసి పులులను కదలనీయకుండ బంధించుటయే వాని విజయము. పులి పక్షమున ఆడినవాడు మరుసటి ఆటలో మేకల పక్షము వహించినప్పుడే బలహీనుని భయమును, ఐకమత్యపు విలువను గ్రహించును.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ ప్రాంతమునందలి అహోబిలములో పాత్ర మరింత గంభీరముగ గోచరించును. కనుమనాడు మొదలగు పారువేట ఉత్సవము ఆట కాదు, ఆరాధన. ఆ భేదమును మేము మరువలేదు. సుమారు 40 దినములు స్వామి పల్లకి 30కి పైగా గ్రామములలో సంచరించును. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహుడు చెంచులకు అల్లుడను విశ్వాసము కలదు. చెంచులు పల్లకి వైపు బాణములు వేయుదురు. ఇది వైరము కాదు, చనువు. ఒక వరుస కలిపినంతనే కొండలోని గూడెమునకు, గుడిలోని దేవునికి నడుమ దూరము తొలగినది.

దీనినిబట్టి పాత్రధారణకు మూడు అంగములున్నవని చెప్పవచ్చును: ఎదుట మనిషి ఉండుట, అందరు అంగీకరించిన నియమముండుట, కొంతసేపు తన స్థానమును విడిచి పరుని స్థానమున నిలుచుట. తెరపై ఆటలో నియమమున్నను ఎదుటివాని ముఖము తరచుగ కానరాదు. పెద్దలు బల్ల వద్దకు మరలుట ఆ ముఖము కొరకేయని మా అభిప్రాయము.

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులు ఒక వరండాలో, తెలుగు విద్యార్థులు మరొక వరండాలో విరామమును గడపుట కద్దు. 15 చింతగింజలు, 3 గులకరాళ్లు, ఒక సుద్దముక్క ఉన్నచో వారిని ఎదురెదురుగ కూర్చుండబెట్టవచ్చును. పందెము మాత్రము కూడదు. పందెము చేరిన ఆట జూదమగును. విశ్రాంతి గదిలో రెండు బల్లలు వేయించుటకు కళాశాల సంఘమువారు పూనుకొందురుగాక. విద్యార్థులారా! పులిగ గెలిచినవారు లేచిపోక, మేకల పక్షమున మరియొక ఆట ఆడుడు.