వజ్రపురిలోకి దారి

హంసలదీవి

అమ్మడూ,

మహాశక్తులున్న హీరోకీ, అతని శత్రువు ఇంటి ఆడపిల్లకీ ప్రేమ అంటగట్టడం చవకబారు ఎత్తుగడ అనీ, అలాంటి నవల చదవడం కాలం దండగ అనీ రాశావు. ఆ బాపతు పుస్తకాల్లో చాలావాటికి నీ మాట సరిగ్గా సరిపోతుంది, కాదనను. అయితే మొత్తం జాతినే కొట్టిపారేసే ముందు పదహారో శతాబ్దపు పింగళి సూరన రాసిన ప్రభావతీ ప్రద్యుమ్నం ఐదు ఆశ్వాసాలూ చదువు. ఇలాంటి ప్రేమను పాఠకుడు నమ్మాలంటే నాయకుడి బలం చెల్లని చోటొకటి కథలో ఉండి తీరాలి. ఈ కిటుకు ఈనాటి సూపర్‌హీరో కథకుల్లో చాలామంది కంటే సూరనకే బాగా తెలుసు.

ప్రద్యుమ్నుడు సామాన్యుడు కాదు. కృష్ణుడి కొడుకు, మాయలు నేర్చినవాడు, శంబరాసురుణ్ణి చంపినవాడు. అవతల రాక్షసరాజు వజ్రనాభుడు బ్రహ్మ వరం అండతో వజ్రపురిలో కూర్చున్నాడు. అతను సరేననకపోతే ఆ ఊళ్లోకి గాలి కూడా చొరబడదు. ఇక బాణాలేం చేస్తాయి? అందుకే ముందుగా శుచిముఖి అనే హంస వెళుతుంది. (మన ఊరివాళ్లు సొంతం చేసుకోదగ్గ పాత్ర!) వజ్రనాభుడి కూతురు ప్రభావతికి ప్రద్యుమ్నుడి గురించి చెప్పేదీ అదే, రాక్షసరాజు చెవిలో భద్రుడనే నటుడి గొప్ప ఊదేదీ అదే. నాటకాల మోజుకొద్దీ వజ్రనాభుడే కబురంపి మేళాన్ని పిలిపించుకుంటాడు. తీరా నటుల వేషంలో దిగింది ప్రద్యుమ్నుడూ, అతని బంధువులు గదుడూ, సాంబుడూ. కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి ఆడిన మన వైపు ఈ ఎత్తు అతకనట్టు అనిపించదు. మేళం వచ్చిందంటే తలుపు వేసుకునే ఊరేది? ఆ భాగవతులు ఆడే ఉషాపరిణయంలో బాణాసురుడి కూతుర్ని వలచిన అనిరుద్ధుడు కూడా ఈ ప్రద్యుమ్నుడి కొడుకే. రాక్షసుల ఇంటి సంబంధాలు ఆ వంశానికి ఆనవాయితీ కాబోలు. సరే, కోటలోకి వచ్చాక కూడా అంతటి వీరుడు పూలలో తుమ్మెదై నక్కితే తప్ప ఆ పిల్ల దగ్గరికి చేరలేకపోయాడు. ఉన్న శక్తంతా గెలవడానికి కాదు, కనపడకుండా ఉండటానికే ఖర్చయింది.

ముగింపు ముందే తెలిసిపోతుందంటావేమో. ఈ కథకు మూలమైన హరివంశం విన్నవాళ్లకు సూరన నాటికే తెలుసు. ఎలా చేరతాడన్నదే వాళ్లకు ఆసక్తి. ప్రభావతి విలన్ కూతురే కానీ విలన్ కాదుగా అన్నావంటే, వజ్రనాభుడి వైపు నుంచి చూడు. తన అంతఃపురంలో శత్రువును దాచింది ఎవరు? గుట్టు రట్టయి యుద్ధం ముంచుకొచ్చాక, హరివంశంలో ప్రద్యుమ్నుడు ఆమెనే అడుగుతాడు, వచ్చేది నీ తండ్రి, ఏం చేయమంటావని. ఆమె ఏడుస్తూనే కత్తి అందిస్తుంది. మరి ప్రేమ పేరు చెప్పి తండ్రి చావును సమర్థించినట్టే కదా అని అడిగితే, అది గట్టి ఆక్షేపణే. వజ్రనాభుడు స్వర్గం మీద కన్నేసిన దుర్మార్గుడు కాబట్టి సరిపోయిందనడం నాకు చాలదు. ఆ కన్నీళ్లను దాచకపోవడంలోనే కథ నిజాయితీ ఉంది. పైగా సూరన ఈ కావ్యాన్ని అంకితమిచ్చింది తన కన్నతండ్రి అమరనకే. తండ్రిని వదులుకున్న కూతురి కథను తండ్రికే అంకితమిచ్చిన కవికి ఆ బరువు తెలియదనుకోలేను.

పద్యాలు కొరుకుడు పడవని జంకకు, తాత్పర్యం ఉన్న ప్రతి సంపాదించు. తెలుగు చదవలేని నీ స్నేహితుల కోసం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2006లోనే వచ్చింది. ఆ తర్వాత నువ్వు పక్కన పడేసిన నవల మళ్లీ తియ్యి. హీరో శక్తి ఎక్కడైనా చెల్లకుండా పోయిందా, ఆ పిల్ల తిరిగి దక్కనిదేదైనా వదులుకుందా చూడు. రెండూ లేకపోతే నిక్షేపంగా అవతల పారెయ్. ఉంటే మాత్రం మొహమాటం లేకుండా చివరిదాకా చదువు. ఈలోగా వజ్రనాభుడి పక్షాన నాకో ఉత్తరం రాయి, ప్రభావతి తరఫున నేను వాదిస్తాను.

ఇట్లు,
తాతయ్య