ముందు నేలను చూడండి, తర్వాతే తలుపు రంగు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇల్లు కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అయిపోయేది మన ఓపిక. పునాది ఎంత లోతు, కరెంటు పాయింట్లు ఎక్కడ, వంటగట్టు ఎంత ఎత్తు అంటూ రోజుకు పది ప్రశ్నలు. అన్నిటికీ జవాబు చెప్పి చెప్పి అలిసిపోయిన చివరి రోజుల్లో పెయింటర్ వచ్చి, ‘‘లోపలి తలుపులకు ఏ రంగు వేయమంటారు?’’ అని అడుగుతాడు. ‘‘ఏదో ఒకటి వేసెయ్యి’’ అనేస్తాం.

ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న తలుపు ఒకవైపు 21 చదరపు అడుగులు, రెండువైపులా 42. ఆరు తలుపులుంటే 252 చదరపు అడుగులు. దాదాపు పదహారు అడుగుల పొడవూ, పదహారు అడుగుల వెడల్పూ ఉన్న గది నేలంత అన్నమాట! అంత మేర రంగును ‘ఏదో ఒకటి’ అనే మాటకు వదిలేస్తున్నాం. పైగా అవి రోజూ మన చెయ్యి పడే వస్తువులు.

తలుపు రంగు చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ నిర్ణయం తీసుకోవడం అనేది ఒక అలవాటు. చిన్నవాటిలో పట్టుబడితేనే పెద్దవాటిలో పనికొస్తుంది. అందుకే ఈ ఒక్క రంగునూ పద్ధతిగా ఎంచుకోవడం నేర్చుకుందాం.

అక్కావాళ్లింట్లో తెలిసొచ్చిన పాఠం

గుంటూరులో మా అక్కావాళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపుల రంగు కోసం షాపుకి అందరం కలిసి వెళ్లాం. ట్యూబ్‌లైట్ వెలుగులో షేడ్ కార్డు తిరగేసి మహాగని రంగు ఎంచుకున్నాం. కార్డు మీద ఆ చిన్న ముక్క ఎంతో హుందాగా ఉంది. తీరా పడకగదుల తలుపులకు వేశాక చూస్తే గోధుమ రంగు వెనక్కిపోయి ఎరుపు పైకి తేలింది. డబ్బా మారిందేమోనని అక్క అనుమానపడింది. మేస్త్రీ డబ్బా తెచ్చి చూపించాడు. నంబరు అదే.

తర్వాత ఆయన ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని నేల మీద పరిచాడు. ‘‘ఇప్పుడు చూడండమ్మా, టైల్ ఏ రంగులో ఉందో’’ అన్నాడు. అంతవరకూ మేం ఐవరీ అనుకుంటున్న టైల్, తెల్ల కాగితం పక్కన లేత ఆకుపచ్చ ఛాయలో కనిపించింది. ‘‘ఆకుపచ్చ పక్కన పెడితే ఎరుపు ఊరుకోదమ్మా, రెచ్చిపోతుంది. ఇంకో సంగతి. మీరు కార్డు చేతిలో పట్టుకుని చూశారు. తలుపేమో నిలబడి ఉంటుంది, నేలేమో పడుకుని ఉంటుంది. రెండిటి మీదా వెలుగు ఒకేలా పడదు కదా!’’ అన్నాడు.

ఆయన పనిలో నేర్చుకున్న ఈ సంగతినే ఫ్రాన్స్‌లో మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త శాస్త్రంగా రాశాడు. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగం ఆయన చేతిలో ఉండేది. నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపం కనిపించలేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినందువల్లే నలుపు కళ తప్పినట్టు కనిపిస్తోందని తేల్చాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద పుస్తకమే ప్రచురించాడు.

ఇది మనుషులకూ వర్తిస్తుంది. కొత్త చోట చురుగ్గా పనిచెయ్యలేకపోతున్న ఉద్యోగిని, కొత్త బడిలో వెనకబడ్డ పిల్లాణ్ణి తప్పుపట్టే ముందు, వాళ్లను ఎవరి పక్కన, ఎలాంటి చోట నిలబెట్టామో చూడాలి.

1. మారనిదాన్ని ముందు చూడండి

నేల మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి, సామానంతా బయట పెట్టాలి, ఇల్లంతా దుమ్ము. తలుపు రంగు మార్చాలంటే ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రెండు కోటింగులు వేస్తే చాలు. కష్టంగా మారేది ఏదో, తేలిగ్గా మారేది ఏదో తెలిశాక వరస దానంతట అదే తేలుతుంది. ముందు నేల, తర్వాత తలుపు, ఆఖరున గోడ.

మన ఇళ్లలో గుమ్మాలు ముందే నిలబెడతాం కదా అంటారేమో. నిజమే. ముహూర్తం పెట్టించి, గడప కింద నవధాన్యాలు వేసి ద్వారబంధం ఎత్తేనాటికి లోపల నేల ఇంకా మట్టే. కానీ ముందు వచ్చేది చెక్క మాత్రమే. రంగు పని ఎప్పుడూ చివర్లోనే. మధ్యలో దొరికే ఆ నెలల గడువును వాడుకోండి. నేల పరిచి, కడిగి, ఆరాకే రంగు మాట ఎత్తండి.

ఏ సమస్య వచ్చినా ఇదే వరస పాటించండి. కాగితం మీద గీత గీసి, ఒకవైపు నేను మార్చలేనివి, రెండోవైపు మార్చగలిగినవి రాయండి. మన ఆందోళనలో చాలా భాగం మొదటి వరస మీదే ఖర్చవుతోందని అప్పుడు తెలుస్తుంది. మన బలం పనిచేసేది రెండో వరసలోనే.

2. లోపలి ఛాయను పట్టుకోండి

ప్రతి నేలకూ పైకి కనిపించే రంగు ఒకటి, లోపల దాగిన ఛాయ ఇంకొకటి ఉంటాయి. తెల్ల కాగితం పక్కన పెట్టి పగటి వెలుగులో చూస్తే ఆ ఛాయ బయటపడుతుంది. ఐవరీ టైల్‌లో పసుపో, గులాబీయో, ఆకుపచ్చో ఉండొచ్చు. తాండూరు బండల్లో నీలిబూడిద రకం ఉంది, పసుపు రకం ఉంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ నల్లగా ఉన్నా, వెలుగు పడితే బంగారు చుక్కలు మెరుస్తాయి. తలుపు స్నేహం చెయ్యాల్సింది ఆ చుక్కలతోనే.

3. కలవాలో, తేలాలో తేల్చుకోండి

నేలకూ తలుపుకూ కుదిరే పొత్తులు రెండే. ఒకటి, ఒకే కుటుంబం రంగులో కలిసిపోవడం. రెండు, స్పష్టమైన తేడాతో తేలి కనిపించడం. చూపుకి ఇబ్బంది పెట్టేది ఈ రెండిటికీ మధ్యలో ఆగిపోయిన రంగు. చెక్క రంగు టైల్స్ వేసి, దాదాపు అదే రంగు చెక్క తలుపు పెడితే, కలపబోయి కుదరనట్టుగా ఉంటుంది. అలాంటి నేల ఉంటే తలుపు కనీసం రెండు ఛాయలు ముదురుగానో, లేతగానో ఉండాలి. లేదా నిండు తెలుపుకి వెళ్లిపోవాలి.

పసుపు ఛాయ ఉన్న క్రీమ్ టైల్స్‌కీ, పసుపు తాండూరుకీ తేనె రంగు టేకు పాలిష్ హాయిగా కలుస్తుంది. నీలం దాగిన తెలుపు అక్కడ పెడితే నేల మాసినట్టు కనిపిస్తుంది. నీలిబూడిద తాండూరుకీ, బూడిద రంగు టైల్స్‌కీ లేత బూడిద కలిసిన తెలుపు వేస్తే నెమ్మదిగా ఉంటుంది. గదికి కాస్త వెచ్చదనం కావాలంటే టేకును సహజ రంగులోనే ఉంచండి. కడప నల్లబండకు లేత రంగు తలుపులే మేలు. కిందా పక్కనా ముదురే అయితే గదిలో వెలుగు కుంగిపోతుంది. పాత పెంకుటిళ్లలో ఎర్ర గచ్చు మీద ఆకుపచ్చ తలుపులు చూసే ఉంటారు. తేలాలని తెలిసి వేసిన రంగులవి! అందుకే ఇప్పటికీ కళ్లలో నిలిచిపోయాయి.

సగం మనసుతో తీసుకున్న నిర్ణయమూ ఇంతే. సర్దుకుపోవాలనుకుంటే మనస్ఫూర్తిగా సర్దుకుపోండి, కాదనాలనుకుంటే మర్యాదగా కాదనండి. మధ్యలో నలిగితే మీకూ సుఖం ఉండదు, ఎదుటివాళ్లకూ ఉండదు.

4. ముక్క మీద పరీక్షించండి

షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న ప్లైవుడ్ ముక్క మీద ప్రైమర్ కొట్టి, రెండు కోటింగులు వేయించండి. పూర్తిగా ఆరాక నేల మీద నిలబెట్టి గోడకు ఆనించండి. పాలిష్ అయితే తలుపుకు వాడిన చెక్క ముక్క మీదే చూడాలి. టేకు, వేప, మద్ది ఒకే పాలిష్‌ను మూడు రకాలుగా తీసుకుంటాయి.

ఆ ముక్కను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. పసుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద గోధుమ రంగు వెచ్చగా ఉంటుంది. అదే రంగు 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద పాలిపోతుంది. బల్బు పెట్టె మీద ఆ అంకె రాసే ఉంటుంది. ఇంట్లో ఏది వాడతారో దాని కిందే చూడండి.

ఉద్యోగం మారాలన్నా, వ్యాపారం పెట్టాలన్నా ఇలాంటి ముక్క ఒకటి ఉండాలి. ఒక నెల సాయంత్రాలు ఆ పని చేసి చూడండి. అలిసిపోయిన రాత్రి కూడా ఇష్టంగా అనిపిస్తే ముందడుగు వేయండి.

5. మీరు బతికే తీరుకు తగ్గట్టు ఎంచుకోండి

చిన్నపిల్లలున్న ఇంట్లో తెల్ల తలుపు గడియ చుట్టూ నెలలోనే చేతి మరకలు పడతాయి. వంటగది తలుపు మీద పసుపు వేళ్లు పడతాయి. ముదురు రంగు మీద దుమ్ము, గీతలు త్వరగా బయటపడతాయి. బాగా మెరిసే పెయింట్ చెక్కలోని ప్రతి సొట్టనూ చూపిస్తుంది. తుడిస్తే పోయే, కాస్త తక్కువ మెరుపున్న రకం లోపలి తలుపులకు నప్పుతుంది. వీధి గుమ్మం సంగతి వేరు. పసుపు, కుంకుమ, మామిడి తోరణం దాని అలంకారాలు. దాన్ని చెక్క రంగులో ఉండనిచ్చి, లోపలి తలుపులన్నిటినీ ఒకే కుటుంబం రంగులో ఉంచితే ఇల్లంతా ఒక్క మాట మీద ఉన్నట్టుంటుంది.

6. అడగండి, అందరినీ కాదు

ఇరవైమందికి ఫొటో పంపితే ఇరవై రంగులు వస్తాయి. పైగా ఫోన్ తెర మీద రంగు నిజమైన రంగు కాదు. ఆ ఇంట్లో రోజూ తలుపు తీసే నలుగురినీ అడగండి. రంగు పని ఏళ్ల తరబడి చేసినవాళ్లను ఒకరిని అడగండి. మూడు ముక్కలు, రెండు రోజులు, ఒక నిర్ణయం అని గడువు పెట్టుకోండి. గడువు తీరాక షేడ్ కార్డు మూసెయ్యండి. ఎంచుకున్న తర్వాత కూడా మిగిలిన రంగుల్ని తలుచుకుంటూ ఉంటే ఏ ఇంట్లోనూ సంతోషంగా ఉండలేం.

మా అక్క నేల పగలగొట్టించలేదు. మేస్త్రీ చేసిచ్చిన మూడు ముక్కల్ని రెండు రోజులు హాల్లో నిలబెట్టి, లేత బూడిద కలిసిన తెలుపు ఎంచుకుంది. తలుపుల రంగు మారాక మేస్త్రీ ఆ ముక్క వెనక పెన్సిల్‌తో షేడ్ నంబరు, తేదీ రాసిచ్చాడు. అది ఇప్పటికీ అటక మీద భద్రంగా ఉంది. ఆమధ్య మేడ మీద గది వేసినప్పుడు అక్క మమ్మల్ని ఎవర్నీ షాపుకి రమ్మనలేదు. అటక మీది ముక్క దించి, కొత్త నేల మీద నిలబెట్టి, పక్కన తెల్ల కాగితం పరిచి చూసుకుంది. సరిపోయిందని ఫోన్ చేసి చెప్పింది.

మీరు ఇల్లు కట్టకపోయినా ఫర్వాలేదు. ఈరోజే ఒక తెల్ల కాగితం తీసుకుని మీ ఇంటి నేల మీద పరచండి. ఇన్నేళ్లుగా నడుస్తున్న నేల అసలు రంగేమిటో ముందు తెలుసుకోండి.