క్లెయిము రాసే ముందు

చంద్రపూర్

బుజ్జీ,

నీ ప్రాజెక్టు రిపోర్టు సాంతం చదివాను. సిరొంచ, రాజురా, బల్లార్‌పూర్ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లల కోసం పాఠాల కరపత్రాలు అచ్చువేస్తావు. పాఠం పక్కన క్యూఆర్ కోడు ఉంటుంది. ఫోను చూపిస్తే తెలుగులో వివరణ వినిపిస్తుంది. బడిలో పెట్టిన చిన్న సర్వరు రాత్రిపూట చంద్రపూర్‌లోని పెద్ద సర్వరుతో తన దగ్గరున్నది సరిచూసుకుంటుంది. బాగుంది. అయితే చివరి పేజీలో "దీనికి పేటెంటు తీసుకోవాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. ప్రెస్సు నడిపిన రోజుల్లో మెషిన్ల మీద కొట్టి ఉన్న పేటెంటు నంబర్లు చూసి, ఆ పత్రాలు వెతికి చదవడం నాకో పిచ్చిగా ఉండేది. ఆ చదువు ఇప్పుడు నీకు పనికొస్తుందేమో చూద్దాం.

మొదట చేదు మాట చెబుతాను. పుస్తకంలో కోడు పెట్టి, పిల్లల ఇంటి భాషలో పాఠం వినిపించడం మా రాష్ట్రంలో నీకంటే ముందే జరిగింది. సోలాపూర్ జిల్లా పరితేవాడిలో రంజిత్‌సింహ్ దిసలే అనే జిల్లా పరిషత్ ఉపాధ్యాయుడు, పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారని తెలిసి, తనే కన్నడం నేర్చుకున్నాడు. పాఠాలను వాళ్ల భాషలోకి మార్చి, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు పెట్టాడు. 2020లో ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి వస్తే, ఆ పది లక్షల డాలర్లలో సగం తుదిపోటీలోని మిగతా తొమ్మిది మందికీ పంచాడు. కేంద్రం 2017లో మొదలుపెట్టిన దీక్షా వేదిక కింద ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో కోడ్లున్నాయి. కాబట్టి "కోడు చూపిస్తే పాఠం వస్తుంది" అని నువ్వు దరఖాస్తు రాస్తే పేటెంటు ఆఫీసు ఎగ్జామినర్ దాన్ని తిప్పికొట్టడానికి మధ్యాహ్నం దాకా కూడా ఆగక్కర్లేదు.

అట్లాగని నీరుగారిపోకు. నీ రిపోర్టులో నువ్వే పట్టించుకోని మంచి చిక్కు ఒకటుంది. కాగితం మీద ఒకసారి సిరా పడ్డాక ఇక మారదు. సర్వరు మీద ఉన్నదేమో రోజూ మారుతుంది. ఆడియో మారుస్తారు, పాఠాల వరుస మారుస్తారు, ఒక పాఠాన్ని రెండు చేస్తారు. ఎప్పుడో అచ్చయిన కరపత్రం మీది కోడు, ఇంటర్నెట్ సరిగా లేని బడిలో, సగం పాతబడిన సర్వరు మీద కూడా సరైన పాఠమే తెరవాలి. నీ పనంతా ఈ అతుకు దగ్గరే ఉంది.

కాగితం వైపు చూద్దాం. క్యూఆర్ కోడును 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మసాహిరో హరా బృందం తయారుచేసింది. కార్ల విడిభాగాల పెట్టెల మీద బార్‌కోడ్లు ఒక్కొక్కటే చదవలేక పనివాళ్లు విసిగిపోతుంటే వచ్చిన ఆలోచన అది. మూలల్లో మూడు చదరాలుంటాయి చూడు, వాటి కొలత ఊరికే పెట్టింది కాదు. వాళ్లు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు ముందేసుకుని, అచ్చులో నలుపు తెలుపులు ఏ నిష్పత్తిలో అతి అరుదుగా పడతాయో వెతికారు. దొరికిన జవాబు 1:1:3:1:1. ఆ చదరం నడిమధ్య నుంచి ఎటు గీత గీసినా నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి వస్తుంది. అందుకే కాగితాన్ని తలకిందులుగా పట్టినా ఫోను గుర్తుపడుతుంది. యంత్రం సంగతి తర్వాత, ముందు అచ్చును చదివారు. నాకు వాళ్ల మీద గౌరవం అక్కడే కలిగింది. డెన్సో పేటెంటు తీసుకుంది గానీ, ప్రమాణం ప్రకారం వాడుకునేవాళ్ల మీద ఆ హక్కు చలాయించబోమని చెప్పేసింది. 2000లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇవాళ బజార్లో పుచ్చకాయల బండి మీద కూడా కోడు వేలాడుతోందంటే కారణాల్లో అదొకటి.

నీ నమూనా కోడు మాత్రం నాకు నచ్చలేదు. అందులో దాదాపు 120 అక్షరాల వెబ్ చిరునామా కుక్కావు. తప్పులు సరిదిద్దే శక్తి మధ్యరకం పెట్టుకున్నా దానికి నిలువునా అడ్డంగా 45 గడులు కావాలి. చుట్టూ నాలుగేసి గడుల తెల్ల జాగా వదలడం నియమం, కలిపితే 53. నువ్వు కేటాయించింది రెండు సెంటీమీటర్లు. ఒక్కో గడికి 0.38 మిల్లీమీటర్లు కూడా రాదు. చిరునామాను 26 అక్షరాల లోపు కుదించు, 25 గడుల కోడు చాలు. తెల్ల జాగాతో 33. అదే రెండు సెంటీమీటర్లలో గడి 0.6 మిల్లీమీటర్లవుతుంది. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చి గడుల అంచులు ఉబ్బిస్తుంది, డాట్ గెయిన్ అంటాం ప్రెస్సులో. ఆ ఉబ్బును 0.6 తట్టుకుంటుంది, 0.38 తట్టుకోవడం కష్టం. కోడును నల్ల సిరా ఒక్కదానితోనే వేయించు. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గడులు మసకబారతాయి. వీలైతే న్యూస్‌ప్రింట్ మానేసి మ్యాప్‌లితో కాగితం తీసుకో. ఇక డిజైన్ చేసే కుర్రాడు అందం కోసం ఆ తెల్ల జాగాలోకి పూలతీగ బోర్డరు తోస్తాడు. తోయనివ్వకు.

పాఠం పేరు తెలుగులోనే కోడులో పెడదామని కూడా రాశావు. మమకారం అర్థమైంది, పని కాదు. యూనికోడ్‌ను దాచే మామూలు పద్ధతిలో మన అక్షరాల్లో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు. "అమ్మ" అని రాస్తే అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ, మొత్తం 12 బైట్లు. కోడులో కరపత్రం ముద్రణ నంబరు, పాఠం నంబరు రెండే ఉంచు. మిగతాదంతా సర్వరు చూసుకుంటుంది.

ఇక సర్వరు వైపు. రాత్రిపూట మొత్తం ఆడియో మళ్లీ మళ్లీ దించుకోకుండా, మారిన ముక్కలు మాత్రమే తెచ్చుకోవాలి. ఈ పనికి 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ తయారుచేసి ఉచిత సాఫ్ట్‌వేర్‌గా వదిలారు. పాత ఫైలున్న వైపు దాన్ని దిమ్మెలుగా కోసి, ఒక్కో దిమ్మెకు ఒక చిన్న మొత్తం, ఒక గట్టి మొత్తం లెక్కకట్టి అవతలికి పంపుతుంది. కొత్త ఫైలున్న వైపు ఒక్కో బైటే జరుగుతూ, ఆ మొత్తాలతో సరిపోయే చోట్ల కోసం వెతుకుతారు. ప్రతి అడుగుకూ దిమ్మెనంతా మళ్లీ కూడితే తెల్లారిపోతుంది. కిటుకు ఇది: 5, 2, 7, 4 మొత్తం 18. ఒక అడుగు జరిగితే 5 పోయి 9 వచ్చింది అనుకో, 18లోంచి 5 తీసి 9 కలిపితే 22. అంతే. అసలు లెక్కలో స్థానాన్ని బట్టి తూకం మారే రెండో మొత్తం కూడా ఉంటుంది గానీ సూత్రం ఇదే. చిన్న మొత్తం కలిసిన చోటే గట్టి మొత్తం చూస్తారు. ఎంత తేలికైన లెక్కో, ఎంత పనికొచ్చిందో.

ఆడియో దగ్గర మాత్రం దీన్ని మరీ నమ్ముకోకు. ఎంపీత్రీని మళ్లీ కుదించి తయారుచేస్తే బైట్లన్నీ మారిపోతాయి, కలిసే దిమ్మెలే మిగలవు. పాఠాన్ని చిన్న చిన్న ఫైళ్లుగా విడగొట్టడమే దారి. ఇంకొకటి, ఏ కోడుకు ఏ ఫైలో చెప్పే పట్టిక ముందొచ్చి, ఆడియో రాకముందే కరెంటు పోతే పిల్లవాడికి ఏమీ వినపడదు. ఫైలు పూర్తిగా చేరి, దాని గట్టి మొత్తం సరిపోయాకే పట్టికను మార్చు.

ఇప్పుడు అసలు విషయం. నీ రిపోర్టులో ఒక మూల, "బడిలో ఎక్కువసార్లు స్కాన్ అయిన కోడు పాఠం ముందు సింక్ అవుతుంది" అని ఉంది. దాని పక్కన నేను ఎర్ర పెన్నుతో గీత గీశాను. ముద్రణ నంబరును బట్టి ఏ పాఠం కావాలో తేల్చడం, స్కాన్ల లెక్కను బట్టి సన్నని నెట్‌వర్క్ మీద ఏ ముక్క ముందు తేవాలో నిర్ణయించడం, ఈ రెండూ కలిసే చోట నీదంటూ ఏదైనా ఉండొచ్చు. ఉందని ఇప్పుడే అనను. వెతికి చూశాక మాట్లాడుకుందాం.

పేటెంటులో బలమంతా క్లెయిములదే. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎంతో పేటెంటులో క్లెయిము అంత. ముందున్న వర్ణన ఎంత గొప్పగా ఉన్నా, హద్దు ఎక్కడ రాశావో అక్కడికే నీ హక్కు. దీనికి నీకు బాగా అతికే కేసు ఒకటుంది. వెబ్‌సైట్ల ప్రతులను లోకమంతా సర్వర్లలో పెట్టి అందించే పద్ధతికి టామ్ లైటన్, డేనియల్ లెవిన్‌లకు 2000 ఆగస్టులో అమెరికా పేటెంటు 6,108,703 వచ్చింది. ఆ పేటెంటుతో ఆ పని చేసే కంపెనీ అకమై. పోటీదారు లైమ్‌లైట్ మీద 2006లో దావా వేసింది. లైమ్‌లైట్ జవాబు ఏమిటంటే, క్లెయిములో చెప్పిన పనుల్లో ఫైళ్లకు గుర్తులు వేసే పని మేం చేయం, మా ఖాతాదారులే చేస్తారు, పూర్తి పద్ధతిని ఏ ఒక్కరూ చేయనప్పుడు ఉల్లంఘన ఎవరిది? అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014లో అక్కడ లైమ్‌లైట్ మాట నెగ్గింది. చివరికి 2015లో అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం అకమై వైపు తీర్పు చెప్పింది. తొమ్మిదేళ్లు! ఇప్పుడు నీ పద్ధతి చూడు. అచ్చువేసేది ప్రెస్సు, స్కాన్ చేసేది టీచరు, సింక్ చేసేది సర్వరు. ఈ మూడింటినీ ఒకే క్లెయిములో గుదిగుచ్చితే, ఎవరూ మూడూ చేయరు గనక నీ చెక్కుబందీ గాలిలో ఉంటుంది. బడి సర్వరు ఒక్కటే ఏం చేస్తుందో, అంతవరకే రాయి. కోడు అచ్చయి వచ్చిందన్నది దానికి అందే సమాచారం కింద చూపించు.

మన చట్టంలో ఇంకో గడప ఉంది. 1970 పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు దానంతట దానికి పేటెంటు లేదు, అల్గారిథమ్‌కూ లేదు. ఫెరీద్ అల్లానీ అనే ట్యునీషియా ఆవిష్కర్త వెబ్‌లో సమాచారాన్ని చేరుకునే పద్ధతికి పెట్టుకున్న దరఖాస్తు దీని దగ్గరే ఆగిపోయింది. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ఫలితం చూపించే ఆవిష్కరణను కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉందన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదంది. 2020లో అప్పీలు బోర్డు ఆయనకు అనుకూలంగా చెప్పింది. కానీ 20 ఏళ్ల లెక్క 1999 అంతర్జాతీయ దరఖాస్తు నుంచి మొదలవుతుంది కదా, అప్పటికే గడువు అయిపోయింది. నువ్వు మాత్రం సాంకేతిక ఫలితాన్ని అంకెల్లో చూపించు. ఎన్ని మెగాబైట్లు తగ్గాయి, కరెంటు పోయినా ఎన్ని కోడ్లు సరిగ్గా తెరుచుకున్నాయి, అవి కావాలి.

ఆలస్యమే కాదు, తొందర కూడా ముంచుతుంది. బార్‌కోడుకు వుడ్‌ల్యాండ్, సిల్వర్‌లకు 1952లో పేటెంటు వచ్చి 1969లో గడువు తీరింది. అంగడిలో తొలి స్కాన్ 1974 జూన్ 26న, ఒహాయోలోని ట్రాయ్‌లో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద. 2000లో క్యూక్యాట్ అని పిల్లి ఆకారంలో స్కానర్ వచ్చింది, పత్రికల్లో అచ్చయిన గీతలు చదివేందుకు. ఫోర్బ్స్, వైర్డ్ చందాదారులకు ఉచితంగా పంచారు. పత్రిక చదవడానికి కంప్యూటర్ పక్కన, తాడు కట్టినట్టు కూర్చోవాలి! దాన్ని తమ ఇష్టప్రకారం వాడుకున్న ఔత్సాహికులకు కంపెనీ లాయరు నోటీసులు పంపింది. ఎక్కువ కాలం నిలవలేదు. దాని పేటెంట్ల గురించి నేను పెద్దగా చెప్పను, చదివేవాడి చేతిలో ఏముందో చూడకుండా పెట్టిన ఖర్చు అది.

ఇక చేయాల్సినవి. కాలేజీ ఫెస్ట్‌లో పోస్టర్ పెట్టకముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేయి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 1600 రూపాయలు. పూర్తి వివరణకు 12 నెలల గడువు. పరీక్షించమని అడగడానికి ఇప్పుడు 31 నెలలు, ఎవరూ గుర్తుచేయరు. ఇక్కడ మహారాష్ట్ర వాళ్లకు ముంబై ఆఫీసు, మీకు చెన్నై. పేటెంటు శిక్షణ కావాలంటే నాగపూర్‌లో రాజీవ్ గాంధీ మేధోసంపత్తి సంస్థ ఉంది, సెలవుల్లో ఇక్కడికి వస్తే కనుక్కుందాం.

ఈలోగా రెండు పనులు చెయ్యి. బడి సర్వరు గురించి ఒకే వాక్యంలో క్లెయిము రాసి పంపు, ఎంత పొడుగైనా ఫరవాలేదు. దాంతోపాటు కుదించిన కోడ్లు పది పంపు. ఇక్కడ న్యూస్‌ప్రింట్ మీద, మ్యాప్‌లితో మీద వేయించి, నలిపి, ఎండలో పెట్టి, పాత ఫోన్లతో చదివించి ఏవి పలికాయో రాస్తాను.

ఇట్లు,
తాతయ్య