రీఫర్ కంటెయినర్లలో ఆహారోత్పత్తుల విదేశీ రవాణా: పిఠాపురం తీర ప్రాంత రొయ్యల సాగులో పట్టుబడి దశ ప్రాముఖ్యం

సారాంశం

ఆహారోత్పత్తులను సముద్రం దాటించే రీఫర్ కంటెయినర్ ముందే చల్లబడిన సరుకు ఉష్ణోగ్రతను నిలబెడుతుంది. వెచ్చని సరుకును చల్లబరచే సామర్థ్యం దానికి తక్కువ. అందువల్ల ఎగుమతి రొయ్య నాణ్యత చాలావరకు చెరువు గట్టుపై, పట్టుబడి జరిగిన తొలి గంటలలోనే నిర్ణయమవుతుంది. కంటెయినర్ పనితీరును, దానికి ముందు జరగవలసిన శీతలీకరణను ఈ వ్యాసం వివరిస్తుంది. విస్తరణ కార్యక్రమాలకు తగిన సూచనలను చివర పొందుపరుస్తుంది.

ఉపోద్ఘాతం

పిఠాపురానికి తూర్పున ఉప్పాడ మొదలుకొని తొండంగి మండలం వరకు తీరం వెంబడి రొయ్యల చెరువులు, హేచరీలు విస్తరించి ఉన్నాయి. 2009లో వనామి రొయ్య ప్రవేశానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించిన తరువాత ఆంధ్రప్రదేశ్ కోస్తాలో ఈ సాగు వేగంగా పెరిగింది. 2023-24లో భారతదేశం సుమారు 17.8 లక్షల టన్నుల సముద్రోత్పత్తులను ఎగుమతి చేసి రూ.60,523 కోట్లు ఆర్జించింది. ఇందులో గడ్డకట్టించిన రొయ్యల వాటా సుమారు 7.16 లక్షల టన్నులు. పిఠాపురం నుండి రైలుమార్గాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నం ఈ ఎగుమతులకు ప్రధాన ద్వారాలలో ఒకటి.

సాగు మెళకువలపై రైతులకు అందుతున్న సమాచారం విస్తారం. విత్తనం, మేత, నీటి యాజమాన్యం గురించి శిక్షణలు జరుగుతూనే ఉన్నాయి. వల లాగిన తరువాతి రెండు మూడు గంటలు మాత్రం తరచుగా ఈ బోధనకు వెలుపలే ఉండిపోతున్నాయి.

కంటెయినర్ పనిచేయు విధానం

1882లో డునెడిన్ అనే నౌక న్యూజిలాండ్ నుండి గడ్డకట్టిన మాంసాన్ని లండన్‌కు విజయవంతంగా చేర్చింది. ఆ కాలంలో నౌకలోని గదులనే శీతల గదులుగా మార్చేవారు. నేటి రీఫర్‌లో ప్రతి పెట్టెకూ సొంత శీతలీకరణ యంత్రం ఉంటుంది. నౌకపైన, రేవులోన దానికి విద్యుత్తు అందిస్తారు. రోడ్డు ప్రయాణంలో జనరేటర్ అమరుస్తారు.

యంత్రం నుండి వెలువడే చల్లని గాలి నేలపై ఉన్న అల్యూమినియం పట్టీల మధ్యగా ప్రవహించి, పైకి లేచి, కప్పు కింది ఖాళీ గుండా తిరిగి యంత్రాన్ని చేరుతుంది. గోడపై ఉన్న ఎర్రగీత దాటి పెట్టెలు పేర్చితే ఈ తిరుగుదారి మూసుకుపోతుంది. తలుపువైపు నేలను కప్పకుండా వదిలితే గాలి సరుకును చుట్టకుండానే అడ్డదారిన తిరిగిపోతుంది. సరుకు ఎక్కించేటప్పుడు యంత్రాన్ని ఆపివేయాలి. లేనిచో, తేమ అధికంగా ఉండే మన తీరప్రాంతపు గాలి తలుపు గుండా ప్రవేశించి, చల్లని గొట్టాలపై మంచుపొరగా పేరుకొని, యంత్ర సామర్థ్యాన్ని తగ్గిస్తుంది.

చల్లని సరుకు, గడ్డకట్టిన సరుకు

ఈ రెండింటికీ ఒకే పెట్టెను వాడినా పేర్చే పద్ధతి వేరు. అరటి వంటి పండ్లు కోత తరువాత కూడా శ్వాసిస్తూ వేడిని, కార్బన్ డయాక్సైడ్‌ను, ఇథిలీన్‌ను విడుదల చేస్తాయి. కాబట్టి గాలి పెట్టెల లోపలి నుండి ప్రసరించాలి. అట్టపెట్టెల రంధ్రాలు ఒకదానికొకటి సరిపోవాలి. బయటి గాలి కొంత లోనికి రావాలి. అరటికి 13 నుండి 14 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అంతకన్న చలి ఎక్కువైతే తొక్క నల్లబడి, పండు సరిగా మాగదు. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుండి 43 రీఫర్ కంటెయినర్ల అరటితో ప్రత్యేక రైలు ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు బయలుదేరింది. ఆ సరుకు ఈ తరగతికి చెందినది.

గడ్డకట్టిన రొయ్య శ్వాసించదు. దానికి మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్న తక్కువ ఉష్ణోగ్రత అవసరం. గాలి ద్వారాలను మూసివేసి, పెట్టెలను దగ్గరగా పేర్చాలి. చల్లని గాలి ఆ దిమ్మె చుట్టూ తిరుగుతూ గోడల నుండి వచ్చే వేడిని మాత్రమే తొలగిస్తుంది. దిమ్మె నడుమ ఉన్న పెట్టె వెచ్చగా ఉంటే ఆ గాలి దానిని చేరజాలదు.

కంటెయినర్ సామర్థ్యం: ఒక లెక్క

ఒక కిలో రొయ్యను 0 డిగ్రీల నుండి మైనస్ 18 డిగ్రీలకు తేవడానికి సుమారు 65 కిలోకేలరీల వేడిని తొలగించాలి. 20 టన్నులకు ఇది 13 లక్షల కిలోకేలరీలు. కంటెయినర్ యంత్రం సామర్థ్యం 6 కిలోవాట్లు అనుకొంటే, అది గంటకు తొలగించగలిగేది సుమారు 5,160 కిలోకేలరీలు. గోడల నుండి చేరే వేడిని విస్మరించినా ఈ పనికి 10 రోజులకు పైగా పడుతుంది. అంత నిదానంగా గడ్డకడితే కండరంలో పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీల్చుతాయి. కరిగించినప్పుడు రసం కారిపోయి రొయ్య పీచుగా మారుతుంది. అందువల్లనే ప్రాసెసింగ్ ప్లాంట్లలో మైనస్ 35 డిగ్రీల పరిసరాలలో వేగంగా గడ్డకట్టించి, కేంద్రభాగం మైనస్ 18కి చేరిన తరువాతనే సరుకును కంటెయినర్‌కు పంపాలి.

చెరువు గట్టుపై తొలి గంటలు

ప్లాంటు కూడా అంతకుముందు జరిగిన నష్టాన్ని సరిదిద్దలేదు. చనిపోయిన రొయ్యలో ఎంజైములు, సూక్ష్మజీవులు తమ పని కొనసాగిస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. తల, గుల్ల అంచులపై కనిపించే నల్లమచ్చలు పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఫలితం. శీతలీకరణ ఈ చర్యలను మందగింపజేస్తుందే గాని జరిగిన మార్పును వెనుకకు తిప్పదు.

ఒక టన్ను రొయ్యలను 30 డిగ్రీల నుండి 0 డిగ్రీలకు తేవడానికి సుమారు 26,000 కిలోకేలరీలు తొలగించాలి. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలోకేలరీలు గ్రహిస్తుంది కనుక లెక్క ప్రకారం 325 కిలోల ఐసు చాలు. అయితే ట్రేలు, వేడిగాలి, ప్రయాణకాలం కూడా ఐసును కరిగిస్తాయి. అందుకే కిలో రొయ్యకు కిలో ఐసు అనే నియమం ఆచరణలో ఉంది. ఐసు ఖర్చు తగ్గించాలన్న ఆలోచనతో ఈ నిష్పత్తిని సగం చేస్తే, లారీ ప్లాంటు చేరేసరికి అడుగు ట్రేలలో ఐసు మిగలకపోవచ్చు.

నష్టం ఎవరి పాలు?

కంటెయినర్‌లోని డేటా లాగర్ తలుపు మూసిన తరువాతి ఉష్ణోగ్రతనే నమోదు చేస్తుంది. దూరపు రేవులో సరుకు నాసిరకంగా తేలినా లాగర్‌లో ప్రయాణమంతా మైనస్ 18 కనిపిస్తే, లోపం రవాణాది కాదని భావిస్తారు. కొనుగోలుదారు కోసిన ధర ప్లాంటుకు, అక్కడినుండి తరువాతి పంటలో కౌంట్ ధర రూపంలో రైతుకు చేరుతుంది. తన ట్రేలు ఏ ఉష్ణోగ్రతలో గట్టు దాటాయో చూపే ఆధారం రైతు వద్ద ఉండదు. 2023 చివరి నుండి ఎర్రసముద్రంలో దాడుల వలన అనేక నౌకలు ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. ప్రయాణం ఇలా పెరిగిన కొద్దీ తొలి దశ లోపాలు మరింత స్పష్టమవుతాయి.

చలి దాచలేని మరొక అంశం అవశేషాలు. నిషేధిత యాంటీబయాటిక్‌లు గడ్డకట్టినంత మాత్రాన తొలగిపోవు. సూక్ష్మజీవులలో చాలా వరకు నశించక నిద్రాణంగా ఉంటాయి. 1997లో ఐరోపా సమాఖ్య భారత సముద్రోత్పత్తుల దిగుమతిని నిలిపివేసినప్పుడు పరిశుభ్రత లోపాల ప్రభావం దేశమంతటి ఎగుమతులపై పడింది.

విస్తరణ సూచనలు

1. గుల్ల విడిచే దశలో పట్టుబడి చేయరాదు. నమూనాలో మెత్తని రొయ్యల శాతం చూచిన తరువాతనే తేదీ నిర్ణయించాలి.
2. పట్టుబడిని రాత్రి చివరి జామున లేదా తెల్లవారుజామున ముగించే విధంగా ప్రణాళిక వేయాలి.
3. వల లాగడానికి ముందే పూర్తి ఐసు గట్టుపైకి చేరాలి. ఐసు తాగునీటితో తయారైనదై ఉండాలి.
4. రొయ్యలను వెంటనే ఐసు, నీరు కలిపిన తొట్టెలో ముంచి చంపాలి. తరువాత ట్రేలలో ఐసు పొరల మధ్య పేర్చాలి.
5. పట్టుబడి సమయం, ఐసు పరిమాణం, లారీ బయలుదేరేటప్పటి రొయ్య ఉష్ణోగ్రతలను రైతు తన పుస్తకంలో నమోదు చేసుకోవాలి. సూది థర్మామీటరు వాడకాన్ని క్షేత్ర ప్రదర్శనలలో చూపాలి.

ముగింపు

విశాఖ రేవులో కంటెయినర్ తలుపు మూసుకొనేనాటికి రొయ్య నాణ్యతపై రైతు చేయగలిగినదంతా ముగిసిపోయి ఉంటుంది. పిఠాపురం వంటి ప్రాంతాలలో విస్తరణ శాస్త్రవేత్తలు పట్టుబడి దినాన్ని కూడా సాగులో భాగంగా బోధించి, గట్టు మీది ఉష్ణోగ్రతను రైతు చేత వ్రాయించగలిగితే, ధర విషయంలో మాట్లాడడానికి రైతు వద్ద కూడా ఒక ఆధారం ఉంటుంది.