నెత్తుటి పరీక్షయు ప్రాస్టేటు రాచపుండును

పురుషుల మూత్రాశయము క్రింద అక్రోటుకాయంత ప్రాస్టేటు గ్రంథి గలదు. వయసు ముదిరినకొలఁది నిది పెరుగుట సామాన్యము. పెరిగినదెల్ల రాచపుండు కాదు. ఈ భేదమును నెత్తుటివలనఁ దెలియవచ్చునా?

1938వ సంవత్సరమున అమెరికాలో గట్మన్ దంపతులు, ఈ రోగము ఎముకలకుఁ బ్రాఁకినవారి నెత్తుట ఆసిడ్ ఫాస్ఫటేస్ అను పదార్థము హెచ్చునని చూపిరి. అంతదూరము ప్రాఁకినపిదపఁ దెలియుట ఆలస్యమే గదా! 1979లో బఫెలో నగరమున మింగ్ చూ బృందమువారు గ్రంథినుండి పి.ఎస్.ఏ. అను మాంసకృత్తును వేఱుపఱచిరి.

మిల్లీలీటరు నెత్తుట నిది 4 నానోగ్రాములు మించినచో వైద్యులు సందేహింతురు. అది సందేహమేకాని తీర్పు కాదు. 4 మొదలు 10 వఱకు గలవారిలో సుమారు నలుగురి కొకనికే రాచపుండు బయల్పడును. తక్కినవారికి వట్టి పెరుగుదలయో, వాపో కారణము. 4కు లోఁబడినవారిలోను రోగముండుట కలదు. కావున మరల పరీక్షించి, ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించి, సూదితో గ్రంథి తునుకలఁ దీసి సూక్ష్మదర్శినిలోఁ జూచినఁగాని నిశ్చయము కాదు.

మఱియొక చిక్కు. కొన్ని గడ్డలు మందముగాఁ బెరిగి, ఆయువున్నంతవఱకు బాధింపవు. అట్టివానికిఁ జికిత్స చేయించుకొని మూత్రమును నిలుపుకొను శక్తిని గోల్పోయినవారు గలరు. అందుచేత ఆరోగ్యవంతుఁడు నెత్తు రిచ్చుటకు ముందే, లెక్క హెచ్చినచో నేమి చేయవలయునో వైద్యునితో మాటాడుకొనవలయును. మూత్రబాధ గలవారు మాత్రము సిగ్గుచే దాఁపరాదు.