సిమ్యులేటరునందు ఉపకరణముల చిరునామాలను పరీక్షించు విధము

గండికోటను చూచి వచ్చిన విద్యార్థులకు జామియా మసీదు చెంతనున్న పెద్ద ధాన్యాగారము తెలియనిది కాదు. అట్టి యొక ధాన్యాగారమునందు వరుసగా సంఖ్యలు వేసిన గాదెలున్నవనుకొందము. పండ్రెండవ గాదెలో కొఱ్ఱలు పోసినచో, మరల దానిని తెఱచినపుడు ఆ కొఱ్ఱలే లభించును. కంప్యూటరులోని మెమరీ యిట్టిది. ఒక చిరునామాయందు వ్రాసిన సంఖ్యయే చదివినపుడు తిరిగి వచ్చును.

ఇప్పుడు ఆ వరుసలోని కడపటి సంఖ్యలలో నొకటి కోటవాకిటి గంటత్రాటికిని, మఱియొకటి కావలివాని పలకకును ఈయబడినవనుకొందము. అధికారి యెప్పటివలెనే "తొంబదియవ సంఖ్యకు పొమ్ము" అని యాజ్ఞాపించును. కాని యచ్చట ధాన్యము నిలువదు, గంట మ్రోగును. ఆ యధికారి వంటిది ప్రాసెసరు. ఉపకరణములను మెమరీ చిరునామాల మూలముననే నడుపు ఈ పద్ధతికి మెమరీ మ్యాప్డ్ పద్ధతి యని పేరు.

1970 సంవత్సరమున అమెరికాయందలి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనువారు వెలువరించిన పి.డి.పి.-11 యంత్రము ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము. దానియందు చిరునామాలలో కడపటి 8 కిలోబైట్ల భాగము ఉపకరణములకు విడువబడెను. ఎనిమిదింటి లెక్కలో 177564 అను చిరునామా ముద్రణోపకరణముయొక్క స్థితిని దెలుపును; 177566 నందు వ్రాసిన యక్షరము కాగితముపై నచ్చగును. 177562 ను చదివినచో మీట నొక్కిన యక్షరము లభించును. అంతటితో 177560 నందలి "అక్షరము వచ్చినది" అను గుర్తు తొలగిపోవును. అనగా నిచ్చట చదువుటయు నొక పనియే.

ఒక యంత్రముయొక్క నడతను మఱియొక యంత్రమున ప్రోగ్రాము రూపమున ననుకరించునది సిమ్యులేటరు. పి.డి.పి.-11 ను అనుకరించు సిమ్‌హెచ్, నేటి ప్రాసెసరుల నిర్మాణమును పరిశోధించుట కుపయోగపడు జెమ్5 ఇట్టివి. సిమ్యులేటరు తప్పు చెప్పినచో దానిని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములన్నియు తప్పుదారి బట్టును. మన గండికోట జలాశయము 26.85 టి.ఎం.సి.ల నీటిని నిలుపజాలునది. అట్టి జలాశయపు గేటు నెత్తు ప్రోగ్రామును సిమ్యులేటరుపై సరిచూచితిమనుకొందము. సిమ్యులేటరు ఆ గేటు చిరునామాను వట్టి గాదెగా నెంచినయెడల, "ఒక మెట్టు ఎత్తుము" అను నాజ్ఞ పొరబాటున రెండుమారులు వ్రాయబడినను దానికి భేదము దోపదు. గాదెలోని సంఖ్య యొక్కటే గదా! నిజమైన గేటు మాత్రము రెండు మెట్లు లేచును. అప్పుడు దిగువ పెన్న యొడ్డుననున్న పొలముల గతి యేమి?

కావున ప్రతి యుపకరణమును విడదీసి యొంటరిగా పరీక్షింపవలెను. దీనినే యూనిట్ టెస్టు అందురు. ఇందుకు యంత్రమంతయు నడుపనక్కఱలేదు. ఉపకరణమును, దానికి ఆజ్ఞల నందించు నొక చిన్న నకిలీ మార్గమును, కాగితమునకు బదులు వచ్చిన యక్షరములను వ్రాసికొను పట్టికయును, మనము త్రిప్పినపుడే కదలు గడియారమును ఉన్న చాలును. నిజమైన గడియారము నాశ్రయించిన పరీక్ష ఒకనాడు నెగ్గి మఱునాడు ఓడవచ్చును.

"వ్రాసితిమి, చదివితిమి, అదియే వచ్చెను" అను పరీక్ష మెమరీకి చాలును గాని యుపకరణమునకు చాలదు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరమునకు పదింటి లెక్కలో సంఖ్య 65. దానిని 177566 నందు వ్రాసి యీ విషయములను చూడవలెను.

మొదటిది: పట్టికయందు ఆ యక్షరము ఒక్కమారు మాత్రమే చేరెనా?

రెండవది: 177564 నందలి "సిద్ధము" అను గుర్తు తొలగి, గడియారమును నియతకాలము త్రిప్పిన పిమ్మటనే మరల వచ్చెనా?

మూడవది: ప్రక్క చిరునామాలును మెమరీయును చెక్కుచెదరక యున్నవా?

పిమ్మట చదువు పక్షమును పరీక్షింపవలెను. మీట నొక్కినట్లు కల్పించి, 177560 ను ఎన్నిమారులు చదివినను గుర్తు నిలిచియుండెనా, 177562 ను చదివినంతనే తొలగెనా యని చూడవలెను. ఏ యుపకరణమును లేని చిరునామాను ముట్టినపుడు సిమ్యులేటరు సున్న నిచ్చి యూరకుండరాదు, పి.డి.పి.-11 నియమము చొప్పున తప్పును సూచింపవలెను.

ఇంకొక మెలకువ గలదు. నేటి ప్రాసెసరులు ఇటీవల చదివిన సంఖ్యలను క్యాష్ అను దగ్గఱి చోట దాచుకొని, మరల నడిగినపుడు అచ్చటనుండియే యిచ్చును. గాదెకు ఇది లాభమే. కావలివాని పలక విషయమున నిన్నటి వార్తను నేటిదిగా చెప్పినట్లగును. కావున ప్రాసెసరును క్యాషును కూడ చేర్చి, స్థితిని ఒకమారు చదివించి, ఉపకరణపు స్థితిని మార్చి, రెండవమారు చదివించి, క్రొత్తదియే వచ్చెనా యని చూడవలెను.

సిమ్యులేటరు వ్రాయబూనిన విద్యార్థులు ప్రతి చిరునామాకును ఈ మూడు ప్రశ్నలను ముందుగా కాగితముపై వ్రాసికొనుట మేలు: ఇచ్చట వ్రాసిన నేమి జరుగును? చదివిన నేమి మాఱును? ఏమి మాఱకూడదు? పరీక్షలు ఆ సమాధానములనుండియే పుట్టును. గాదెను పరీక్షించువాడు గింజలను జూచిన చాలును. గంటను పరీక్షించువాడు అది యెన్నిమారులు మ్రోగెనో వినవలెను.