పిచ్చుకకు అంగుళంపావు దారి

"గింజలు రోజూ వేస్తూనే ఉన్నాం. పావురాలొచ్చి తిని పోతున్నాయి. పిచ్చుక మాత్రం రావడం లేదు." శాలిబండ, లాల్‌దర్వాజ, గౌలిపురా, అలియాబాద్ వైపు మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్న వారిని ఎవరిని కదిపినా ఇదే మాట. గింజ వేస్తే సరిపోతుందనుకోవడమే పొరపాటు. పాతబస్తీలో పిచ్చుకకు కరువైంది తిండి కన్నా ముందు ఇల్లు.

పావురానికి ఇల్లు కట్టిన ఊరు మనది. హుస్సేనీ ఆలం దగ్గర పావురాల కోసమే గూళ్లు పెట్టి కట్టిన కబూతర్‌ఖానా ఉంది. ఆ పేటను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మక్కా మసీదు ముందు జొన్నలు కొని పావురాలకు చల్లడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. పిచ్చుకకు ఎవరూ విడిగా ఇల్లు కట్టలేదు, ఆ అవసరమే రాలేదు. డంగుసున్నం గోడలో రాయి ఊడిన సందు, దూలానికీ గోడకూ మధ్య ఖాళీ, పెంకుల కింది చోటు, గోడకు వంచి తగిలించిన పటం వెనక జాగా, అన్నీ దానివే. ఆ ఇళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి. నున్నగా సిమెంటు పూసిన గోడలో సందు ఎక్కడిది? పావురానికి సందుతో పనిలేదు. ఏసీ పెట్టె మీదో కిటికీ సజ్జ మీదో నాలుగు పుల్లలు పడేసి గుడ్లు పెట్టేస్తుంది. అందుకే అది పెరిగింది, ఇది తగ్గింది.

దేశమంతటా పక్షుల లెక్కలు కూర్చి 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక కూడా దాదాపు ఇదే చెప్పింది. మొత్తం దేశం మీద చూస్తే పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉంది. పెద్ద నగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోంది. సెల్ టవర్ల వల్లే పోయాయని చాలామంది అంటుంటారు గానీ దానికి గట్టి రుజువు లేదు. గూటికి చోటు, పిల్లలకు పురుగు, ఈ రెండూ తగ్గాయి. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

పెట్టె చేసే విధానం

15 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర సెం.మీ. మందం గల పలక సుమారు 135 సెం.మీ. పొడవుది ఒకటి చాలు. సామాన్లు వచ్చిన ప్యాకింగ్ పెట్టె చెక్కయినా, జుమ్మేరాత్ బజారులో దొరికే పాత చెక్కయినా ఫరవాలేదు. ముందు పలకకు 20 సెం.మీ., వెనక పలకకు 30 సెం.మీ. కోసుకోవాలి. వెనకది పొడవెందుకంటే పైన మిగిలిన భాగానికి మేకు కొట్టి గోడకు తగిలించుకోవచ్చు. పక్క పలకలు రెండింటినీ 12 సెం.మీ. వెడల్పుకు చీల్చి, వెనకవైపు 23, ముందువైపు 20 సెం.మీ. ఎత్తు ఉండేలా పైభాగం ఏటవాలుగా కోయాలి. అడుగుకు 12 సెం.మీ. చదరం ముక్క. కప్పుకు 20 సెం.మీ. ముక్క వేస్తే ముందుకు చూరులాగా కొంచెం జరిగి వాన నీరు లోపలికి పోకుండా ఉంటుంది. కప్పును మేకులతో బిగించేయకుండా వెనక ఒక తోలు ముక్కో మడతబందో పెడితే తర్వాత తెరిచి శుభ్రం చేసుకోవచ్చు.

అసలు సంగతంతా రంధ్రంలో ఉంది. ముందు పలకకు అడుగు నుంచి 14 సెం.మీ. ఎత్తున గుండ్రంగా 32 మి.మీ. రంధ్రం, అంటే అంగుళంపావు. పది రూపాయల బిళ్ల 27 మి.మీ. ఉంటుంది, దానికన్నా కాస్త పెద్దది అన్నమాట. ఇంతకు మించకూడదు. నేను మొదట చేసిన పెట్టెకు ధారాళంగా ఉంటుందని రెండంగుళాల రంధ్రం పెట్టాను. వారం తిరిగేసరికి గోరింకల జంట దిగింది. అప్పటిదాకా వచ్చి తొంగి చూసిపోతున్న పిచ్చుకలు మళ్లీ ఆ గోడ వంక రాలేదు. గోరింక రావడం తప్పేం కాదు, అదీ పురుగులు తినే పక్షే. కానీ పిచ్చుక కోసం చేసిన పెట్టె పిచ్చుకకే దక్కాలంటే దారి ఇరుకుగా ఉండాలి.

రంధ్రం కింద కూర్చునేందుకు పుల్ల బిగించొద్దు. పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకికి మాత్రం పీట వేసినట్టవుతుంది. లోపలివైపు చిత్రిక పట్టకుండా గరుకుగా వదిలేస్తే పిల్లలు కాళ్లు తన్నిపట్టి పైకి రాగలవు. అడుగు పలకకు నాలుగు మూలలా చిన్న చిల్లులు, కప్పు కింద పక్కల్లో రెండు గాలి చిల్లులు ఉండాలి. లోపల రంగు, వార్నిషు వేయొద్దు. రేకు డబ్బా, ప్లాస్టిక్ డబ్బా వద్దే వద్దు. మన ఏప్రిల్ ఎండకు లోపలున్న పిల్లలు ఉడికిపోతాయి.

ఇదంతా ఎందుకు అనుకుంటే ఊళ్లో చుట్టాల దగ్గర ఎండిన సొరకాయ బుర్ర అడిగి తెచ్చుకోండి. కల్లుగీత పనివారు వాడేది, అది పెద్దదైతే చాలు. కనీసం జానెడు వెడల్పు ఉన్న బుర్రకు అదే అంగుళంపావు రంధ్రం పెట్టి, గింజలు, బూజు దులిపేసి, అడుగున రెండు మూడు చిల్లులు పొడిచి తాడుతో గట్టిగా కట్టాలి. గాలికి ఊగకూడదు. బుర్ర పెట్టె అంతకాలం మన్నదు గానీ చల్లగా ఉంటుంది, ఖర్చు ఏమీ లేదు.

ఎక్కడ, ఎప్పుడు?

పది అడుగుల ఎత్తున, సజ్జ కిందో వరండా చూరు కిందో, రంధ్రం తూర్పుకో ఉత్తరానికో చూసేలా తగిలించాలి. పడమటి గోడ పనికిరాదు. గదిలో ఫ్యాన్ ఉన్న చోట అస్సలు పెట్టొద్దు. పిల్లి నడిచే పిట్టగోడకు దూరంగా ఉండాలి. పిచ్చుకలు గుంపు జీవులు, కాబట్టి ఒక్కటి కాకుండా మూరెడు ఎడంతో రెండు మూడు పెట్టెలు పెట్టండి. పిచ్చుక ఏడాదిలో చాలాసార్లు గుడ్లు పెడుతుంది. ఎండాకాలం ముందూ, వానలు పడ్డాకా జోరు ఎక్కువ. అందుకని సంక్రాంతి లోపలే పెట్టె గోడకెక్కాలి. పెట్టిన వారానికే రాలేదని తీసి పక్కింటివారికి ఇచ్చేయకండి. ఒక్కోసారి ఏడాది పడుతుంది.

తిండి సంగతి

నేలమీద చల్లిన గింజ పావురానిదే. పిచ్చుకకు దక్కాలంటే ఉపాయం రెండు రకాలు. ఒకటి మన పెద్దలు చేసిందే: వరికంకుల కుచ్చు. కోతల సమయంలో మూరెడు గడ్డితో సహా కంకులు తెచ్చి, గుప్పెడు చొప్పున జడలా అల్లి చూరుకు వేలాడదీయడం. ఊగే కుచ్చు మీద పిచ్చుక తలకిందులుగా పట్టుకుని తింటుంది. బరువైన పావురానికి అది సాధ్యం కాదు. రెండోది, అంగుళంన్నర గళ్లున్న వెల్డ్ మెష్ జాలీని డబ్బాలా వంచి, మధ్యలో మట్టి మూకుడు పెట్టడం. పిచ్చుక దూరుతుంది, పావురం బయటే ఉండిపోతుంది. మూకుడు జాలీ అంచులకు జానెడు లోపలికి ఉండాలి, లేకపోతే మెడ చాపి తినేస్తుంది. నూకలు, కొర్రలు, సజ్జలు వేయొచ్చు. ఉప్పు, నూనె కలిసిన అన్నం, మిక్చరు, బ్రెడ్డు వద్దు. వేసేది కూడా పూటకు గుప్పెడే. మిగిలితే తడిసి బూజు పడుతుంది, ఎలుక వస్తుంది.

రైతులకు ఇక్కడ ఒక మాట. విత్తనశుద్ధి చేసి రంగు కలిపిన గింజలు మిగిలాయని పిట్టలకు వేయడం కొన్నిచోట్ల ఉంది. అది విషం పెట్టడమే. మందు కొట్టి ఎక్కువ రోజులు కాని పొలం కంకులు కూడా కుచ్చులకు పనికిరావు.

పెద్ద పిచ్చుక గింజలు తిన్నా పిల్లలకు పెట్టేది పురుగులే. గుడ్డు పగిలిన మొదటి వారమైతే మెత్తని పురుగు లేనిదే పిల్ల బతకదు. మిద్దె మీద చిక్కుడు పాదుకు పేనుబంక కనబడగానే మందు సీసా తీసేవారి ఇంటికి పిచ్చుక రాకపోవడంలో వింతేం లేదు. పొలంలో ఎకరాకు పది, ఇరవై 'టి' ఆకారపు కర్రలు పాతి పిట్టలతో పచ్చపురుగును ఏరించే రైతుకు ఈ లెక్క కొత్త కాదు. ఇంట్లోనూ అదే లెక్క. గోరింట, దానిమ్మ లాంటి గుబురు మొక్క ఒక్కటి కుండీలోనైనా ఉంటే అవి దాక్కోవడానికి చోటు. మొక్కల మధ్య నీడలో పగిలిన కుండ బోర్లించి ఒకవైపు ఇటుక ముక్క ఎత్తు పెడితే, పెరడున్న ఇళ్లలో బోదురుకప్ప చేరి రాత్రిళ్లు పురుగులు తింటుంది. ఒకవైపు కణుపు మూసుకున్న సన్నని వెదురు ముక్కల్ని జానెడు చొప్పున కోసి కట్టగట్టి ఎండ తగిలేచోట వేలాడదీస్తే ఒంటరి తేనెటీగలు గుడ్లు పెడతాయి, పాదులకు పూత నిలుస్తుంది.

నీళ్లకు రెండంగుళాల లోతున్న మట్టి మూకుడు చాలు, మధ్యలో ఒక రాయి వేయాలి. రెండు రోజులకొకసారి నీళ్లు పారబోసి పీచుతో రుద్ది కడగాలి. లేకపోతే దోమ గుడ్లు పెడుతుంది. పక్కన పళ్లెంలో పొడి ఇసుక పెట్టి చూడండి, పిచ్చుకలు అందులో దొర్లే తీరు చూసి తీరాలి.

మరో రెండు జాగ్రత్తలు

సంక్రాంతికి మిద్దెల మీద తెగిపడ్డ మాంజా మొత్తం ఏరి ముక్కలు చేసి పారేయాలి. గాజుపొడి మాంజాను, నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా దారం దొరుకుతూనే ఉంది. పిచ్చుక ఆ దారాన్నే గూటికి మోసుకుపోతే పిల్లల కాళ్లు చిక్కుపడి గూట్లోనే చచ్చిపోతాయి. ఇంకొకటి, పుణ్యమని ముర్గీచౌక్‌లో పిట్టలు కొని వదిలిపెట్టకండి. మీరు కొన్నవాటి స్థానంలో ఇంకోచోట వల పడుతుంది. రామచిలుకలు, మునియాలు పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ఇల్లు పడగొట్టి కట్టుకునేవారి విషయం వేరేగా చెప్పాలి. మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా, శాలిబండ దారిలో 2025లో చాలా కట్టడాలు పోయాయి. సందుల్లో ఎవరికి వారు కూల్చి కట్టుకోవడం ఎటూ సాగుతోంది. పాత గోడలో పిచ్చుక గూడుంటే కూల్చడానికి ముందే, గోడ ఇంకా ఉండగానే, ఎదురింటి గోడకో పక్క మిద్దెకో పెట్టెలు తగిలించండి. అలవాటైన చోటికి దగ్గరగా ఉంటేనే అవి మారతాయి. గూట్లో పిల్లలున్నాయా చూసుకోవాలి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల ఎగిరిపోయేదాకా పట్టేది సుమారు నెల రోజులే. ఆ ఒక్క గోడను మేస్త్రీకి చెప్పి చివరికి ఉంచుకోవచ్చు. ఈలోగా ఈకలు రాని పిల్ల కిందపడితే చేత్తో తీసి మళ్లీ గూట్లో పెట్టండి, మనిషి ముట్టుకున్నంత మాత్రాన తల్లి వదిలేయదు. ఈకలొచ్చి గంతులేస్తున్నదైతే ముట్టుకోవద్దు. పిల్లిని కట్టడి చేసి, గుబురు మొక్క పక్కన వదిలేస్తే తల్లే వచ్చి మేపుకుంటుంది.